పాత స్పోర్ట్స్ కారు కొంటున్నారా? ముందు దాని చరిత్ర చదవండి

అనకాపల్లి వాడు స్పోర్ట్స్ కార్ల గురించి రాయడమేంటని కొందరికి నవ్వు రావచ్చు. మా ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది బెల్లం మార్కెట్టు. ఆ తర్వాత కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర. చెరకు లోడుతో ఒక పక్కకి ఒరిగి పోయే లారీ వెనకాల స్పోర్ట్స్ కారు ఏం పరిగెడుతుంది చెప్పండి :)

కానీ ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇదే. అడిగేవాళ్ళందరూ ఇంచుమించు ఒకే రకం. నలభై దాటింది, ఇంటి లోను సగం తీరింది, పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు. 2001 లో చదువుకునే రోజుల్లో ఏ కారు వెనకాల నిలబడి కళ్ళప్పగించి చూశారో, ఆ కారు ఇప్పుడు కొనుక్కుందామని. అడిగే ప్రశ్న కూడా ఒకటే: "ఇంజన్ ఎలా చూడాలి? ఎంత స్పీడు పోతే మంచిదన్నట్టు?"

నా జవాబు వాళ్ళకి నచ్చదు. ఇంజన్ చివర్లో చూడండి అంటాను. ఇంజన్ పోతే డబ్బు పెట్టి బాగు చేయించుకోవచ్చు. కారు చరిత్రని ఎంత డబ్బు పెట్టినా బాగు చేయించలేం. పాతికేళ్ళ కారు అంటే పాతికేళ్ళ మన దేశ చరిత్ర. చట్టాలు, కోర్టు తీర్పులు, తుఫాన్లు, వరదలు, పెట్రోలు మార్పులు, మూతబడ్డ కంపెనీలు, అన్నీ దాని ఒంటి మీద రాసి ఉంటాయి. మనం చేసే లాగ్ ఫైలు చదివే పనే ఇదీనూ. ప్రోగ్రాం ఇప్పుడు ఎలా నడుస్తోందో కాదు, ఇంతవరకూ ఏమేం జరిగిందో చూడాలి.

ఇంతకీ మన దేశంలో స్పోర్ట్స్ కారు అంటే ఏంటి? అచ్చంగా రెండు సీట్లు, ఎత్తు తక్కువ, పైకప్పు తీసేసే రకం మనకి దాదాపు లేవనే చెప్పాలి. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ ఒకటి ఉండేది. ఫైబర్ బాడీ, 1149 సీసీ రెనో ఇంజను, సుమారు 60 హార్స్ పవర్. చూడ్డానికి స్పోర్ట్స్ కారే గానీ బలం మాత్రం మామూలు కారుదే. తర్వాత 2012 ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో డీసీ అవంతి కనపడింది. అంతకుముందు తరం వాళ్ళకయితే మద్రాసు దగ్గర షోలవరం విమానాల రన్‌వే మీద జరిగే రేసులే స్పోర్టు. అక్కడ పరిగెత్తినవాటిలో చాలా మటుకు మన వీధుల్లో తిరిగే కార్లకే మార్పులు చేసినవి.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత, 1993 లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. అప్పుడు వచ్చాయి మన తరం "స్పోర్ట్స్ కార్లు". 1999 చివర్లో ఫోర్డ్ ఐకాన్ 1.6. 2000 లో హోండా సిటీ 1.5 వీటెక్, 106 హార్స్ పవర్. 2001 లో ఫియట్ పాలియో 1.6, దాదాపు 100 హార్స్ పవర్. 2004 లో స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 1.8 లీటర్ టర్బో, 150 హార్స్ పవర్. అమెరికాలోనో జర్మనీలోనో వీటిని స్పోర్ట్స్ కార్లంటే నవ్వుతారేమో. మారుతీ 800 లో 40 కూడా లేని రోజుల్లో వంద హార్స్ పవర్ అంటే మనకి విమానమే మరి. పైగా అదే సమయంలో స్వర్ణ చతుర్భుజి పథకం కింద మా అయిదో నంబరు హైవే (2010 లో 16 అయింది) నాలుగు వరసలయింది. కారుకి తగిన రోడ్డు దొరికింది. ఈ టపాలో నేను మాట్లాడేది ముఖ్యంగా ఈ కార్ల గురించే.

సరే, మొదట కాగితాలు. మా వైపు ఇప్పటికీ "సీ బుక్కు" అంటాం. దాంట్లో ఉన్న ఛాసీ నంబరు, ఇంజన్ నంబరు కారు మీద పంచ్ కొట్టిన నంబర్లతో ఒక్కో అక్షరం సరిపోవాలి. ఇది అందరూ చెప్పేదే, చాలామంది చెయ్యనిది కూడా. బానెట్ ఎత్తి, గుడ్డతో మట్టి తుడిచి, టార్చి వేసి చదవండి. అంకెల చుట్టూ రంగు తేడాగా ఉన్నా, అంకెలు వంకరటింకరగా ఉన్నా, గ్రైండింగ్ గీతలు కనపడినా నమస్కారం పెట్టి వచ్చేయండి. ఎందుకంత జాగ్రత్త అంటే, ఇందాక చెప్పిన అవంతి కారు విషయంలోనే 2020 డిసెంబరులో ముంబై పోలీసులు కేసు పెట్టారు. ఒకే ఇంజన్, ఛాసీ నంబర్లతో ఒకటి కంటే ఎక్కువ కార్లు రిజిస్టర్ అయ్యాయన్నది ఆరోపణ. అందులో ఎవరిది తప్పన్నది నేను చెప్పను. కానీ అలాంటి అనుమానం పడ్డ కారు మీ గుమ్మం ముందుంటే, తప్పు ఎవరిదైనా పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగేది మీరే.

ఇంకో రకం మోసం తుక్కు నించి పుడుతుంది. పెద్ద యాక్సిడెంట్‌లో ముద్దయిపోయిన కారు కాగితాలు బతికే ఉంటాయి. ఆ కాగితాల్లోకి దొంగిలించిన అదే మోడల్ కారుని దూరుస్తారు. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 55 వ సెక్షను ప్రకారం కారు పూర్తిగా పాడైపోతే 14 రోజుల్లో ఆర్టీవోకి చెప్పి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. అందరూ చేయిస్తారా? మీకే తెలుసు. అందుకే కారు వయసు కాగితం మీద చూసి ఊరుకోకుండా కారుని అడగండి. అద్దాల మూల చిన్న గుర్తుల్లో ఏడాది ఉంటుంది. సీటు బెల్టు కింద కుట్టిన లేబుల్ మీద తేదీ ఉంటుంది. 2002 కారులో అన్ని అద్దాలూ 2002 దగ్గర్లో ఉండి, ఒక్క ముందు అద్దం 2009 అయితే రాయి తగిలి ఉండొచ్చు. ఎడమ వైపు అద్దాలన్నీ 2009 అయితే అది రాయి కాదు, లారీ. టైరు మీద నాలుగంకెలు మాత్రం వేరే పనికి: 1419 అంటే 2019 లో 14 వ వారం. అరుగుదల లేకపోయినా ఆరేడేళ్ళు దాటిన టైరు ధరని బేరంలో తగ్గించుకోండి.

తర్వాత మన రాష్ట్రాల చరిత్ర. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయింది. కొత్త బళ్ళకి తెలంగాణ టీఎస్ అని, 2024 మార్చి నించి టీజీ అని ఇస్తున్నారు. కానీ అంతకుముందు హైదరాబాదులో రిజిస్టర్ అయిన బళ్ళు పాత ఏపీ నంబర్లతోనే మిగిలాయి. కాబట్టి ఏపీ 09 నంబరు పాలియో కనపడగానే "మన రాష్ట్రం బండే కదా" అనుకోకండి. అది తెలంగాణ బండి. అనకాపల్లి తెచ్చుకోవాలంటే అక్కడి ఆర్టీవో నించి ఎన్ఓసీ కావాలి, ఇక్కడ ట్యాక్సు సంగతి చూసుకోవాలి. ఏడాది మించి వేరే రాష్ట్రంలో తిప్పితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలని 47 వ సెక్షను చెబుతోంది. బెంగుళూరులో కొని వైజాగ్‌లో తిప్పే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి.

మరి ఢిల్లీ కార్లు? 2014, 2015 లలో హరిత ట్రైబ్యునల్ ఢిల్లీ పరిసరాల్లో పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు కార్లని, పదేళ్ళు దాటిన డీజిల్ కార్లని తిరగనివ్వొద్దంది. 2018 లో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. దాంతో అక్కడ మంచి మంచి కార్లకి కూడా రేటు పడిపోయి దక్షిణాదికి బయల్దేరాయి. ఆ తర్వాత 2025 లో సుప్రీం కోర్టులో ఈ వ్యవహారం మళ్ళీ మలుపులు తిరిగింది. మనం చూడాల్సింది ఒక్కటే: గడువు దాటకముందే ఎన్ఓసీ తీసుకుని వచ్చిందా, రిజిస్ట్రేషన్ బతికుందా. "కాగితాలు తర్వాత పంపిస్తా సార్" అన్న కారు ఎంత చవకైనా దండగే.

నిజమైన విదేశీ స్పోర్ట్స్ కార్లు కొనేంత స్తోమత ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, మీకు సచిన్ టెండూల్కర్ ఫెరారీ కథే పాఠం. 2002 లో బహుమతిగా వచ్చిన ఫెరారీ 360 మోడెనా మీద సుమారు 1.13 కోట్ల కస్టమ్స్ సుంకం మాఫీ చేస్తామన్నారు. 2003 లో దేశమంతా గొడవయింది, కోర్టుదాకా వెళ్ళింది, చివరికి ఆ డబ్బు ఫియట్ కట్టింది. 2011 లో ఆ కారు సూరత్ వ్యాపారికి అమ్ముడుపోయింది. సచిన్ కారు సుంకం గురించే అంత చర్చ జరిగిందంటే మామూలు కారు ఏపాటి! మన హైదరాబాదుకి చెందిన ఖరీదైన దిగుమతి కార్ల డీలర్‌ని 2025 మే నెలలో డీఆర్ఐ అరెస్టు చేసింది. విలువ తక్కువ చూపించి సుంకం ఎగ్గొట్టారన్నది ఆరోపణ. అదే ఏడాది సెప్టెంబరులో భూటాన్ మీదుగా వచ్చిన కార్ల కోసం కేరళలో సినిమా వాళ్ళ ఇళ్ళలో కూడా కస్టమ్స్ సోదాలు జరిగాయి. దిగుమతి కారుకి సీ బుక్కు ఒక్కటే చాలదు. బిల్ ఆఫ్ ఎంట్రీ, సుంకం కట్టిన రసీదు చూడాలి. అవి లేకపోతే కొనకండి.

కాగితాలు అయ్యాక నీళ్ళూ గాలీ. మా అనకాపల్లి నించి సముద్రం ఎంతో దూరం లేదు. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుఫాను గంటకి 180 కిలోమీటర్ల గాలితో వైజాగ్ మీద విరుచుకుపడింది. చెట్ల కింద నిలబెట్టిన కార్ల పైకప్పులు అణిగిపోయాయి, అద్దాలు పగిలి వర్షం లోపలికి కొట్టింది. కాబట్టి ఏపీ 31 నంబరు కారు అయితే పైకప్పు మీద అయస్కాంతం పెట్టి చూడండి. పల్చటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. రేకు ఉన్న చోట అతుక్కుంటుంది, లోపల పుట్టీ మందంగా ఉంటే జారిపోతుంది. పైకప్పు మీద పుట్టీ ఉండాల్సిన అవసరం మామూలుగా ఏ కారుకీ రాదు.

వరద కార్లు ఇంకా ప్రమాదం. 2005 జులై 26 ముంబై, 2015 డిసెంబరు చెన్నై, 2020 అక్టోబరు హైదరాబాదు, 2024 సెప్టెంబరు విజయవాడ బుడమేరు. ఈ నాలుగు తేదీలు ఫోన్లో రాసి పెట్టుకోండి. కారు ఆ సమయంలో ఆ ఊళ్ళో ఉంటే, తర్వాతి నెలల్లో సర్వీసు బిల్లు ఏముందో చూడండి. నీళ్ళలో మునిగిన కారుని ఎంత కడిగినా కొన్ని చోట్లు మర్చిపోతారు. సీటు బెల్టుని చివరిదాకా లాగండి, చివరి అడుగులో బురద గీత ఉంటుంది. సీటు కింద బోల్టులు, డిక్కీలో స్టెప్నీ కింద గుంత, డాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లు చూడండి. రెండోసారి వెళ్ళినప్పుడు అద్దాలన్నీ మూసి పది నిమిషాలు ఎండలో ఉంచి తలుపు తియ్యండి. సెంటు వాసన గుప్పుమంటే ఏదో దాస్తున్నారని అర్థం.

తుప్పు సంగతి. మా కోస్తాలో తుప్పు పైనించి రాదు, కిందనించి వస్తుంది. తలుపు కింద గడపలు, బ్యాటరీ కింద ట్రే, ముందు షాక్ అబ్సార్బర్ల పైభాగం బిగించే చోటు, కాళ్ళ కింద కార్పెట్ ఎత్తితే కనపడే నేల. ఈ కార్లకి వేరే ఛాసీ ఫ్రేం ఉండదు, బాడీయే ఛాసీ. తలుపు తుప్పుపడితే తలుపు మార్చుకోవచ్చు. షాక్ అబ్సార్బర్ టవర్ తుప్పుపడితే ఆ కారు అయిపోయినట్టే.

ఇక పెట్రోలు చరిత్ర. 2000 ఫిబ్రవరి నించి దేశమంతా సీసం లేని పెట్రోలే. అంతకుముందు కార్లు, అంటే కాంటెస్సా, ప్రీమియర్ పద్మిని లాంటివి సీసానికి అలవాటుపడినవి. సీసం వాల్వు సీట్లకి ఒక రక్షణ పొర లాంటిది. వాటిలో వాల్వు క్లియరెన్సు మాటిమాటికీ తగ్గిపోతుంటే సీట్లు అరుగుతున్నాయన్నమాట. 1999 లో సుప్రీం కోర్టు ఢిల్లీలో యూరో నిబంధనలకి గడువు పెట్టాక కంపెనీలన్నీ కార్బ్యురేటర్లు వదిలి ఎంపీఎఫ్ఐకి పరిగెత్తాయి. మన పాలియోలు, ఐకాన్లు ఆ తరం పిల్లలే. వాటికి ప్రాణం ఇంజన్ కంప్యూటర్, సెన్సార్లు. తాళం తిప్పగానే ఇంజన్ చెక్ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారని అనుమానించండి. ఇప్పుడు 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే దొరుకుతోంది. పాతికేళ్ళ నాటి రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. మెత్తబడ్డాయా, పగుళ్ళు వచ్చాయా, ఇంజన్ దగ్గర పెట్రోలు వాసన వస్తోందా చూడండి. కొన్న మొదటి వారంలోనే ఆ పైపులన్నీ మార్పించెయ్యండి. అవి కారుకిన నిప్పంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

మనుషుల చరిత్ర అన్నిటికన్నా ముఖ్యం. స్పోర్ట్స్ కారుని కుదురుగా నడిపినవాడు తక్కువ. పెద్ద సైలెన్సరు, కింద దించిన స్ప్రింగులు, మార్చిన ఇంజను కనపడితే ముచ్చటపడకండి. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కేరళ కేసులో చెప్పింది: కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి విరుద్ధంగా బండిని మార్చడం 52 వ సెక్షను ఒప్పుకోదు అని. అలాంటి కారుని రెన్యువల్‌కి తీసుకెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వెనక్కి పంపుతాడు. పదిహేనేళ్ళు దాటిన కారుకి అయిదేళ్ళకోసారి ఆ పరీక్ష తప్పదు. ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నించి 5,000 అయింది, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. అసలు సామాన్లు విప్పి అటక మీద దాచి ఉంటే మాత్రం ఆ యజమాని మంచివాడు, వాటితో సహా అడిగి తీసుకోండి.

ఇప్పుడు ఇంజన్ :) వెళ్తున్నామని ముందే చెప్పి "మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అనండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ అంటే ఆయిలు కాలుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటరు నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్. ఆయిలు పోసే మూత లోపల మజ్జిగ లాంటి నురగ ఉన్నా అదే అనుమానం. కంప్రెషన్ చూపించండి, నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి. పాలియో, హోండా, ఆక్టేవియాలకి టైమింగ్ బెల్టు, ఐకాన్ 1.6 కి చైను. బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు ధరలో తీసెయ్యండి. రోడ్డు మీద, ఇంజన్ బాగా వేడెక్కాక మూడు నించి రెండుకి గేరు దించండి. గరగరమంటే సింక్రో పోయింది. స్పోర్ట్స్ కార్లలో ముందు పోయేది అదే.

సామాన్ల సంగతి మర్చిపోకండి. ఫియట్ 2019 లో ఇక్కడ కార్ల అమ్మకం ఆపేసింది, ఫోర్డ్ 2021 లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కారు కొనేముందే హెడ్ లైటు, ముందు అద్దం, ఇంజన్ కంప్యూటరు ఎక్కడ దొరుకుతాయో ఫోన్ చేసి కనుక్కోండి. దానికన్నా ముందు, ఆ ఇంజను విప్పి బిగించిన మెకానిక్ మీ ఊళ్ళో ఉన్నాడా అని చూసుకోండి. నా మటుకు నాకు, మంచి కారు కంటే మంచి షెడ్డు దొరకడమే కష్టం. ల్యాప్‌టాప్ పెట్టి కోడ్ చదివే కుర్రాళ్ళు ఉన్నారు గానీ, చెవితో వాల్వు చప్పుడు పట్టే పెద్దవాళ్ళు షెడ్లు మూసుకుంటున్నారు. ఈ కార్లు ఇంకో పదేళ్ళు రోడ్డు మీద ఉంటాయా లేదా అన్నది మన డబ్బు మీద కంటే వాళ్ళ మీదే ఆధారపడి ఉంది. అలాంటివాణ్ణి కారు చూడ్డానికి వెంట తీసుకెళ్ళండి, ఆ రోజు కూలి ఇచ్చి మరీ. మీ సాయంత్రం డెవలపర్ మీటింగు కంటే ఆయన గంట విలువైనదని ఒప్పుకోండి.

ఆఖరి మాట. బేరం కుదిరాక 29, 30 ఫారాలు ఇద్దరూ సంతకాలు పెట్టి వదిలెయ్యకండి. ఫైనాన్సు ఉంటే 35 వ ఫారంతో తీయించండి. పేరు మారకముందు యాక్సిడెంటు జరిగితే రికార్డులో ఉన్న పాత యజమానే బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది. అంటే మీరు ఆలస్యం చేస్తే, పాపం కారు అమ్మినవాడు మీ తప్పుకి కోర్టులో నిలబడాలి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించుకోండి. పాతికేళ్ళుగా ఆ కారు చరిత్రలో ఎవరెవరో చేసిన నిర్లక్ష్యాన్ని ఇంతసేపూ వెతికాం. రేపు దాన్ని కొనేవాడు అలాగే వెతికినప్పుడు మీ పేరున్న పేజీలో తప్పు కనపడకూడదు కదా!